పాత చిల్లరలో వెండి ఎంత?

మనవాళ్ళు నలుగురు కలిసిన చోట ఇళ్ళ ధరలు, పిల్లల కాలేజీలు, వీసాల గొడవలు అయిపోయాక మాట బంగారం మీదికి మళ్ళడం మామూలే. 2025 అక్టోబరులో వెండి ధర ట్రాయ్ ఔన్సుకి 50 డాలర్లు దాటిన దగ్గరనుంచి అది వెండి మీదికీ మళ్ళుతోంది. "ఏమండీ, మీరు పాత నాణేలు కొంటారట కదా, మమ్మల్నీ కొనమంటారా?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను ఆర్థిక సలహాదారుణ్ణి కాను. ఇంజనీరుగా పని చేసి రిటైరయినవాణ్ణి. ఇరవై ఏళ్ళకి పైగా ఒహాయోలో నాణేల సంతలకి వెళ్తూ, అప్పుడింత అప్పుడింత కొంటూ వచ్చాను. కొనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. లెక్క ఎలా చూసుకోవాలో మాత్రం చెప్తాను. లెక్క తెలిసినవాణ్ణి మోసం చెయ్యడం కష్టం. వెండి వ్యవహారంలో కావలసినదల్లా ఆ లెక్కే.

చెత్త వెండి

అమెరికాలో ఈ నాణేలకి జంక్ సిల్వర్ అని పేరు. అంటే చెత్త వెండి అన్నమాట. పేరు చూసి కంగారు పడకండి. వెండి మంచిదే, చెత్త అన్నది నాణేన్ని. చేతులు మారి మారి అరిగిపోయి, నాణేలు సేకరించేవాళ్ళు పైసా ఎక్కువ ఇవ్వడానికి ఇష్టపడని నాణెం అది. దాని విలువ అందులో ఉన్న లోహమే. మన ఊళ్ళల్లో పాత పట్టీలు తూకానికి అమ్మినట్టే వీటినీ అమ్ముతారు, కొంటారు.

1964వ సంవత్సరం వరకు ముద్ర ఉన్న అమెరికా డైము (10 సెంట్లు), క్వార్టరు (25 సెంట్లు), అర డాలరు నాణేల్లో నూటికి 90 పాళ్ళు వెండి, 10 పాళ్ళు రాగి. ఒకే ఒక్క పాత వెండి డైము చేతికొచ్చినా అది పది సెంట్ల నాణెం కాదు, అంతకి ఎన్నో రెట్లు విలువైన లోహం. చాలామంది మనవాళ్ళు 1970ల్లో, 80ల్లో వచ్చినప్పుడు ఇవి ఇంకా అక్కడక్కడ చిల్లరలో కలిసి వస్తుండేవి. ఇప్పుడు రావడం చాలా అరుదు.

1965లో ఏం జరిగింది?

1960ల మొదట్లో వెండి వాడకం పెరిగి, ధర పైకి పోసాగింది. వెండి డాలరులో ఉన్న వెండి సరిగ్గా డాలరు విలువ చెయ్యాలంటే ఔన్సు ధర 1.29 డాలర్లు ఉండాలి. చిన్న నాణేల్లో వెండి కొంచెం తక్కువ కాబట్టి వాటికి ఆ ధర 1.38. ధర ఆ గీత దాటిందంటే నాణెం ఖర్చు పెట్టడం కన్నా కరిగించడం లాభం. ప్రభుత్వం ఆ ప్రమాదం పసికట్టింది. 1965 జులై 23న ప్రెసిడెంట్ జాన్సన్ కొత్త నాణేల చట్టం మీద సంతకం చేశాడు. డైములో, క్వార్టరులో వెండి పూర్తిగా పోయింది. మధ్యలో రాగి, పైన రాగి నికెల్ మిశ్రమం అతికిన నాణేలు వచ్చాయి. అర డాలరులో వెండి 90 పాళ్ళ నుంచి 40కి దిగింది. 1970తో ఆ 40 కూడా పోయింది.

పాత నాణేలు దాచుకుంటే ఏమీ లాభం ఉండదని ప్రభుత్వం జనానికి చెప్పింది. ప్రభుత్వం దగ్గర వెండి నిల్వలు ఉన్నాయి కాబట్టి ధర పెరగనివ్వం అన్నది ధీమా. 1967లో ఆ ధీమా చెల్లిపోయింది. నిల్వలు తరిగిపోయి పాత ధరకి అమ్మడం ఆపేశారు. అప్పటికే జనం 1964, అంతకు ముందువి ఏరి పక్కన పెట్టుకుని, కొత్తవి ఖర్చు పెట్టడం మొదలుపెట్టారు. మంచి డబ్బు ఇంట్లో, చెడ్డ డబ్బు బజారులో. దీనికి అర్థశాస్త్రంలో గ్రెషామ్ సూత్రం అని పేరు. మన అమ్మమ్మలు ఆ పేరు వినకపోయినా ఆ సూత్రం బాగా పాటించారు. మంచి నోటు బియ్యం డబ్బాలో, చిరిగిన నోటు కూరల బండివాడికి!

1967లో వెండి నాణేలు కరిగించడం నిషేధించారు. 1969లో ఆ నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు పెన్నీలు, నికెళ్ళు కరిగించకూడదు కాని వెండి నాణేలకి ఆ అడ్డు లేదు.

అసలు లెక్క

ఒక ముచ్చటైన విషయం ఉంది. డైము బరువు రెండున్నర గ్రాములు, క్వార్టరు ఆరుంపావు, అర డాలరు పన్నెండున్నర. పది డైములు తీసుకున్నా, నాలుగు క్వార్టర్లు తీసుకున్నా, రెండు అర డాలర్లు తీసుకున్నా బరువు 25 గ్రాములే. అందులో 90 పాళ్ళు వెండి, అంటే 22.5 గ్రాములు. ట్రాయ్ ఔన్సు అంటే 31.1 గ్రాములు కాబట్టి డాలరు చిల్లరలో 0.723 ఔన్సు వెండి ఉన్నట్టు. అరుగుదల కింద కొంచెం తీసేసి వ్యాపారులు 0.715 అని లెక్క కడతారు. గుర్తు పెట్టుకోవలసిన అంకె ఇదొక్కటే.

ముఖవిలువని 0.715 తోటి, ఆనాటి వెండి ధర తోటి హెచ్చవెయ్యండి. లెక్క సులువుగా ఉంటుందని ఔన్సు 30 డాలర్లు అనుకుందాం. డాలరు చిల్లరకి 21.45 డాలర్లు. డైముకి 2 డాలర్ల 14 సెంట్లు, క్వార్టరుకి 5 డాలర్ల 36 సెంట్లు, అర డాలరుకి 10 డాలర్ల 72 సెంట్లు. ధర 60 అయితే ఇవన్నీ రెట్టింపు. ఈ ధర రోజూ పేపర్లో, ఫోన్లో కనిపిస్తూనే ఉంటుంది.

మినహాయింపులు మూడు. 1965 నుంచి 1970 వరకు వచ్చిన కెనడీ అర డాలరులో వెండి 40 పాళ్ళే, ఒక్కోదానిలో 0.148 ఔన్సు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నికెల్ లోహం ఆయుధాలకి కావలసి వచ్చి 1942 నుంచి 1945 దాకా నికెలు నాణెంలో 35 పాళ్ళు వెండి కలిపారు. 1942లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి, వెనక్కి తిప్పి భవనం బొమ్మ పైన పెద్ద అక్షరం ఉందేమో చూడాలి. ఉంటే అందులో 0.056 ఔన్సు వెండి. ఇక పాత పెద్ద వెండి డాలరు బరువు 26.73 గ్రాములు, వెండి 0.773 ఔన్సు. దాన్ని కోరి సేకరించేవాళ్ళు ఎక్కువ కాబట్టి సాధారణంగా లోహం కన్నా ఖరీదు ఎక్కువ పలుకుతుంది. నకిలీలు కూడా దానిలోనే ఎక్కువ.

ఇతర దేశాల్లో ఉన్నవాళ్ళకి కూడా ఇలాంటి గీతలే ఉన్నాయి. బ్రిటన్‌లో 1920కి ముందు వెండి నాణేల్లో 92.5 పాళ్ళు, 1920 నుంచి 1946 వరకు 50 పాళ్ళు, 1947 నుంచి సున్న. కెనడాలో 1920 నుంచి 1966 వరకు 80 పాళ్ళు.

రూపాయి ఎత్తు

ఈ లెక్క మనకి కొత్తదేమీ కాదు. మన పాత తులం అంటే రూపాయి ఎత్తు. బ్రిటిష్ వాళ్ళ వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. అంటే 10.69 గ్రాములు. దీన్నే తెలంగాణ పెద్దలు కల్దారు అనేవారు. నిజాం ప్రభుత్వపు రూపాయి హాలీ సిక్కా. చార్మినార్ బొమ్మ ఉన్న ఆ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్ళు. అంటే 9.14 గ్రాములు.

ఇప్పుడు 10.69ని 9.14తో భాగించండి. 1.17 వస్తుంది. ఆరు కల్దారు రూపాయలకి ఏడు హాలీ రూపాయలు అన్నది ఆనాటి మారకం. ఏడుని ఆరుతో భాగిస్తే 1.167. రాజముద్రలు వేరయినా, భాషలు వేరయినా, బజారు తూచింది లోపలి వెండినే. నూరు కల్దార్లకి నూటపదహారు హాలీలు వస్తాయి కాబట్టి నూటపదహార్లు ఇచ్చే ఆచారం వచ్చిందని చెప్పేవాళ్ళున్నారు. ఆచారం సంగతి ఎలా ఉన్నా లెక్క మాత్రం కుదిరింది.

అమెరికా డాలరుకీ మన రూపాయికీ ఇంకా దగ్గర చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో మన దేశంలో కాగితం నోట్లు పట్టుకొచ్చి వెండి రూపాయలు అడిగేవాళ్ళు ఎక్కువై, ప్రభుత్వం దగ్గర వెండి అడుగంటింది. అప్పుడు 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్ల వెండి డాలర్లు కరిగించింది. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి, 20 కోట్ల ఔన్సులు, ఔన్సు డాలరు చొప్పున బ్రిటిష్ వాళ్ళకి అమ్మితే అది ఇండియాకి వెళ్ళింది. ఒక్కో డాలరులో రెండుంపావు రూపాయల వెండి ఉంది. మన నాయనమ్మల పూజామందిరంలో పసుపు కుంకాలు పెట్టించుకున్న అయిదవ జార్జి రూపాయిలో అమెరికా డాలరు కరిగి ఉండడానికి అవకాశం ఉంది. మనకన్నా ముందు డాలర్లే ఇండియా వెళ్ళాయన్నమాట!

ఇంట్లో అలాంటి రూపాయలు ఉన్నవాళ్ళు సంవత్సరం చూసుకోవాలి. 1940 నుంచి 1945 వరకు వచ్చిన వాటిలో సగమే వెండి. 1946, 1947 రూపాయలు నికెల్, వెండి లేనే లేదు. ఒక హెచ్చరిక కూడా. నూరేళ్ళు దాటిన నాణేలు మన 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, అనుమతి లేకుండా ఇండియా దాటించకూడదు. అమ్మమ్మ ఇచ్చిందని సూట్‌కేసులో పెట్టుకుని బయలుదేరకండి. ఇక్కడినుంచి అక్కడికి నాణేలుగా వెండి తీసుకెళ్ళినా కస్టమ్స్ వాళ్ళు దాన్ని నగలుగా చూడరు. ముందే కనుక్కుని వెళ్ళడం మంచిది.

అక్కయ్యగారి కాఫీ డబ్బాలు

ఈ లెక్క తెలియకపోతే ఏమవుతుందో చెప్తాను. మా ఊళ్ళో మేమంతా అక్కయ్యగారు అని పిలిచే ఒకావిడ ఉన్నారు. 2022లో వాళ్ళాయన పోయారు. మర్నాడు ఏడాది బేస్‌మెంటు సర్దుతుంటే నాలుగు కాఫీ డబ్బాల నిండా చిల్లర దొరికింది. ఆయన ఆదివారాలు పాత సామాన్ల సంతల్లో తిరిగేవారని తెలుసు కాని, ఏం కొనేవారో ఆవిడకి తెలియదు. ఒక దుకాణానికి తీసుకెళ్తే అతను డబ్బాలు చూసి, "ముఖవిలువకి పది రెట్లు ఇస్తాను, ఇవాళే తీసుకుంటాను" అన్నాడు. పది రెట్లు అంటే ఎవరికైనా సంతోషమే. ఆవిడకి ఎందుకో అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశారు. "తమ్ముడూ, డైముకి డాలరు ఇస్తానంటున్నాడు, ఇచ్చెయ్యనా?"

వాళ్ళ వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి అన్నీ పోశాం. 1965 తర్వాతివి ఏరి పక్కన పెట్టాం. మిగిలినవి లెక్కపెడితే ముఖవిలువ 340 డాలర్లు. వంటింటి కాటా మీద విడతలు విడతలుగా తూస్తే 8 కిలోల 400 గ్రాములు. దాన్ని 0.9తో హెచ్చవేసి 31.1తో భాగిస్తే 243 ఔన్సులు. 340ని 0.715తో హెచ్చవేసినా 243. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చింది కాబట్టి నాణేలు నకిలీవి కావు, మరీ అరిగిపోయినవీ కావు. ఆ వారం ఔన్సు 24 డాలర్లు. అంటే ముఖవిలువకి 17 రెట్ల పైమాటే, మొత్తం 5,800 డాలర్లు.

మూడు చోట్ల ధర అడిగాం. ఒకాయన 16 రెట్లు ఇచ్చాడు. ఆవిడ 300 డాలర్ల చిల్లర అమ్మి 4,800 డాలర్లు తీసుకున్నారు. మొదటి దుకాణంలో అయితే వాటికే 3,000 వచ్చేవి. ఆ 1,800 డాలర్లు ఆయన ఆదివారాల కష్టం. మిగిలిన 40 డాలర్ల చిల్లర ముగ్గురు మనవలకి మూడు సంచుల్లో కట్టి పెట్టారు.

కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

నాణేల బజారులో ధర "ముఖవిలువకి ఎన్ని రెట్లు" అనే భాషలో నడుస్తుంది. దుకాణానికి వెళ్ళే ముందే ఆనాటి రెట్లు మీరు లెక్క కట్టుకోండి. వెళ్ళాక రెండు ప్రశ్నలు అడగండి. ఇవాళ నేను కొంటే ఎన్ని రెట్లు? ఇవాళే మీకు అమ్మితే ఎన్ని రెట్లు? ఆ రెండింటి మధ్య తేడాయే మీ అసలు ఖర్చు. వెండి 30 ఉన్నరోజు లోహం విలువ 21 రెట్ల పైన అనుకున్నాం. వ్యాపారి 23 రెట్లకి అమ్మి 20 రెట్లకి కొంటాడనుకోండి. మీరు పెట్టిన డబ్బు మీకు తిరిగి రావాలంటే ధర నూటికి 15 పెరగాలి. అంతవరకు నష్టమే. కాబట్టి ఆర్నెల్లలో అమ్మే ఉద్దేశం ఉంటే కొనకపోవడమే లాభం.

ధర ఒక్కసారిగా ఎగసినప్పుడు ఇంకో చిక్కు. ఊరందరూ అమ్మడానికే వస్తారు. కరిగించే కర్మాగారాల ముందు సరుకు పేరుకుపోతుంది. అప్పుడు దుకాణంవాడు లోహం విలువకన్నా బాగా తగ్గించి ఇస్తాడు. ఫోన్లో కనిపించే ధర వేరు, చేతికొచ్చే ధర వేరు.

అయినా వీటిలో ఒక సుగుణం ఉంది. మనం ఊరెళ్ళి వెండి కంచం కొంటే కూలీ, తరుగు అని కలుపుతారు. తిరిగి అమ్మేటప్పుడు ఆ రెండూ గాలికి పోతాయి. నాణేనికి కూలీ ఎప్పుడో ప్రభుత్వం పెట్టుకుంది. కంచంలో వెండి ఎంత పాళ్ళో తేల్చాలంటే పరీక్ష కావాలి. నాణెం మీద సంవత్సరం చదివితే చాలు. కంచం వద్దని కాదు. మనవడి అన్నప్రాశనకి కంచమే ఇవ్వాలి. అది ప్రేమ పద్దు, పెట్టుబడి పద్దు కాదు.

సరిచూసుకోవడం కూడా సులువే. నాణేన్ని నిలబెట్టి అంచు చూడండి. వెండిది అంతా తెల్లగా ఉంటుంది, కొత్తదానిలో రాగి చార కనిపిస్తుంది. అయస్కాంతం దేనికీ అంటుకోకూడదు. 10 డాలర్ల చిల్లర తూస్తే 247 గ్రాములకి అటూఇటూ ఉండాలి. 240కి దిగితే బాగా అరిగినవి అంటగడుతున్నారని అర్థం, ధర తగ్గించమనాలి.

దయచేసి చింతపండు, ముగ్గుపిండి పెట్టి తోమకండి. మనకి వెండి నల్లబడితే చేతులు ఊరుకోవు. లోహం కోసం కొనేవాడికి తళతళ అక్కర్లేదు. పైగా వందల్లో ఒకటి సేకరించేవాళ్ళు కోరుకునే నాణెం ఉండవచ్చు. 1916లో డెన్వర్‌లో ముద్రించిన డైములు 2,64,000 మాత్రమే. 1932లో డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కో క్వార్టర్లు కూడా అరుదే. అలాంటిది తోమితే దాని విలువ చాలావరకు కడిగినట్టే.

ఎంత కొనాలి?

చరిత్ర చూడండి. 1980 జనవరిలో హంట్ సోదరులు వెండి అంతా పోగుచెయ్యబోయి ధరని 50 డాలర్ల దాకా ఎగదోశారు. మార్చిలో అది కుప్పకూలింది. 1991లో ఔన్సు 4 డాలర్లకన్నా కిందికి పోయింది. 2011 ఏప్రిల్‌లో మళ్ళీ 49 దాకా వచ్చి మళ్ళీ పడింది. 2020 మార్చిలో 12కి దిగింది. 1980 నాటి ధర దాటడానికి 2025 దాకా ఆగాలి. 45 ఏళ్ళు! అప్పటి 50 డాలర్లు 2025 లెక్కలో సుమారు 200 డాలర్లతో సమానం కాబట్టి, శిఖరం మీద కొన్నవాడు ఈనాటికీ నష్టపోయినట్టే. ఈ 45 ఏళ్ళలో వెండి వడ్డీ ఇవ్వలేదు, డివిడెండు ఇవ్వలేదు.

మరి ఎందుకు కొనడం? 1964లో గాలను గ్యాసు సుమారు 30 సెంట్లు, మూడు వెండి డైములు. ఔన్సు 30 ఉన్నరోజు ఆ మూడు డైముల వెండికి 6 డాలర్ల పైన వస్తుంది. అదే 30 సెంట్ల కాగితం బ్యాంకులో కాక డ్రాయరులో ఉంటే ఇప్పటికీ 30 సెంట్లే. వెండి ధనవంతుల్ని చెయ్యదు, కాగితంలాగా కరిగిపోదు. అంతే దాని వాగ్దానం. నా మట్టుకు అది కూరలో ఉప్పంత ఉండాలి. ముందు అప్పులు తీరాలి, ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో ఉండాలి, రిటైర్మెంటు పద్దు నిండాలి. అప్పు చేసి వెండి కొన్నవాడి వెండి చివరికి అప్పిచ్చినవాడిదే.

పన్ను సంగతి మరిచిపోకండి. అమెరికాలో వెండిని సేకరణ వస్తువుల కింద లెక్క కడతారు. ఏడాది దాటి ఉంచుకుని అమ్మితే లాభం మీద పన్ను 28 శాతం దాకా ఉండవచ్చు. షేర్ల మీద పన్నుకన్నా ఇది ఎక్కువ. కొన్న రసీదులు దాచుకోండి. ఈ నాణేలు ఐఆర్‌ఏ పద్దులో పెట్టడానికి పనికిరావు. ఇంటి ఇన్సూరెన్సులో నాణేలకి మామూలుగా చాలా చిన్న పరిమితి ఉంటుంది, 200 డాలర్లే ఇచ్చే పాలసీలు ఎన్నో. బ్యాంకు లాకరులో పెట్టినవాటికి ప్రభుత్వ డిపాజిట్ బీమా వర్తించదు. బరువు కూడా ఆలోచించుకోండి. వెయ్యి డాలర్ల చిల్లర సంచి పాతిక కిలోలు, నడుంనొప్పి ఉన్నవాళ్ళు మోసేది కాదు.

డబ్బాలో ఒక కాగితం

మన పిల్లలకి డైము అంటే డైమే. మన తర్వాత ఆ డబ్బా తెరిచేది వాళ్ళే. కాబట్టి వెండి ఉన్న ప్రతి ఇంట్లో, ఆ వెండితోపాటు ఒక కాగితం ఉండాలి. పిల్లలు చదవగలిగిన భాషలో రాయండి. ఇవి 1964, అంతకు ముందువి. ముఖవిలువ ఇంత, బరువు ఇంత. ముఖవిలువని 0.715తో, ఆనాటి వెండి ధరతో హెచ్చవేస్తే లోహం విలువ వస్తుంది. కనీసం మూడు చోట్ల ధర అడగండి. మొదటి రోజే అమ్మకండి. కింద కొన్న తేదీలు, కొన్న ధరలు.

ఆ కాగితం రాయడానికి పావుగంట చాలు. వెండి కొనని వాళ్ళు కూడా ఇంట్లో ఉన్న బీమా, బ్యాంకు పద్దులకి ఇలాంటి కాగితం ఒకటి రాసి పెట్టుకోవచ్చు.